మంచంకోళ్లు నాలుగూ ఒక్కలా రావాలంటే



తరిమెన పని అంటే మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో పెద్దలకు తెలిసిన మాటే. మన ఇరుగుపొరుగు తమిళులు దీన్ని కడైసల్ అంటారు. ఈ కాలం పిల్లలకు లేత్ పని అంటే తొందరగా అర్థమవుతుంది. పేరు ఏదైనా పని ఒక్కటే. కర్రను రెండు మొనల మధ్య బిగించి గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రంగా తీర్చడం. మంచంకోళ్లు, ఉయ్యాల కమ్ములు, అప్పడాల కర్ర, చల్ల కవ్వం, కుంకుమ భరిణె, పిల్లల బొంగరం, ఇలా మన ఇళ్లలో ఎన్నో వస్తువులు ఈ పనిలోంచి వచ్చినవే. ఈ పని చేసేవారికీ, నేర్చుకోవాలనుకునేవారికీ పనికివచ్చే ఒక చిన్న విషయం ఈనాటి ప్రసంగంలో మనవి చేస్తాను. అది గుర్తులు పెట్టుకోవడం గురించి. అందుకు కావలసిన పనిముట్లను పెద్దగా ఖర్చు లేకుండా ఇంట్లోనే ఎలా చేసుకోవచ్చో చెబుతాను.

ఇంత చిన్న విషయానికి ఒక ప్రసంగం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఒక మంచం సంగతే తీసుకోండి. పనివాడు మూడు కోళ్లు చక్కగా తీశాడు. నాలుగోదానిలో ఒక గుబ్బ కొంచెం కిందికి దిగింది. ఎంత? మన వడ్రంగుల లెక్కలో ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సుమారు 3 మిల్లీమీటర్లు. ఆ కోడును విడిగా చూస్తే ఏ లోపమూ కనబడదు. నాలుగూ పక్కపక్కన నిలబెట్టగానే కన్ను నేరుగా దాని మీదే పడుతుంది. కొనడానికి వచ్చినవాడు బేరం తగ్గిస్తాడు. లేదా నాలుగోది మళ్లీ చేసి ఇమ్మంటాడు. పోయింది ఒక మంచి కర్ర ముక్క, దానితోపాటు ఒక పూట కూలి. ముక్కకు ఇంత అని కూలి తీసుకునే ఇంట్లో పూట కూలి పోవడం చిన్న మాట కాదు. ఒకే ఆకారాన్ని వందలసార్లు తీసే యంత్రాలు పెద్ద కార్ఖానాల్లో వచ్చాయి. వాటి పక్కన చేతి పనివాడు నిలబడాలంటే ఆ ఒక్క నూలు తేడా కూడా రాకుండా చూసుకోవాలి.

ఈ విద్యకు పేరు పడ్డ ఊళ్లు మనకు దూరం కావు. హోసూరు నుంచి బెంగళూరు సుమారు 40 కిలోమీటర్లు. అక్కడి నుంచి మైసూరు దారిలో మరో 60 కిలోమీటర్లు పోతే చన్నపట్నం వస్తుంది. తెలుగు దేశంలో అలాంటి ఊరు వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. ఇది ఇదివరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ ప్రకృతి సిద్ధమైన రంగులతో లక్కపనిని నిలబెట్టిన చింతలపాటి వెంకటపతి రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది. రెండు ఊళ్లలోనూ వాడే కర్ర ప్రధానంగా ఒకే చెట్టుది. తెలుగులో అంకుడు అంటాం, కన్నడంలో ఆలె మర అంటారు, తమిళంలో వెప్పాలై అంటారు. కర్ర తెల్లగా, సన్నని నారతో, ఉలికి మెత్తగా లొంగుతుంది. తిరిగే కర్రకు రంగు లక్క ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. తరువాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది.

ఆ బొమ్మలను దగ్గరగా చూడండి. ఎరుపు ఎక్కడ ఆగిందో పసుపు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చే చక్రాల బొమ్మలో ఒక్కో చక్రం ఒకే లెక్కన తగ్గుతూ వస్తుంది. చెయ్యి నేర్పు ఒక్కటే ఇంత పని చేయదు. ఆ నేర్పుకు వెనక ఒక గుర్తు ఉంటుంది.

ఇక తేడా ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. చాలామంది టేపు పట్టుకుని ప్రతి కోడునూ కొత్తగా కొలుస్తారు. మొదటి గీత నుంచి రెండో గీత, రెండోదాని నుంచి మూడోది, ఇలా వరసగా పోతారు. పెన్సిలు మొన మందం, టేపు కొక్కెం వదులు, చూసే కోణం, ఇవన్నీ కలిసి ఒక్కో గీత దగ్గర అర మిల్లీమీటరు జరిగిందనుకోండి. ఆరు గీతలు ఒకే వైపు జరిగితే చివరి గీత దగ్గర తేడా 3 మిల్లీమీటర్లు. ఇందాక చెప్పిన నూలు అదే. కాబట్టి సూత్రం ఒకటి గుర్తుంచుకోండి. కొలత ఒక్కసారే కొలవాలి. ఆ తరువాత కొలవకూడదు, ఆ ఒక్క కొలతనే అన్ని ముక్కల మీదికీ దించాలి. ఇప్పుడు చెప్పబోయే పనిముట్లన్నీ ఈ సూత్రం మీద నడిచేవే.

మొదటిది నడిమి చుక్క పెట్టే పనిముట్టు. కర్రను బిగించే ముందు రెండు కొనలకూ సరిగ్గా నడుమ చుక్క పెట్టాలి. 60 మిల్లీమీటర్ల గుండ్రటి కర్రకు చుక్క 3 మిల్లీమీటర్లు పక్కకు పోతే, చివరికి మిగిలే గుండు 54 మిల్లీమీటర్లే. అంటే పక్కకు పోయినదానికి రెట్టింపు కర్ర పొట్టు అవుతుంది. నలుచదరపు కర్రకైతే మూల నుంచి మూలకు రెండు గీతలు గీస్తే చాలు, అవి కలిసిన చోటే నడుమ. గుండ్రటి కర్రకు ఒక చిన్న సాధనం చేసుకోండి. జానెడు పొడవున్న రెండు చెక్క పట్టీలను మూలమట్టం పెట్టి చూసి, లంబంగా, మూల ఆకారంలో మేకులతో కలపండి. దాని మీద ఒక పాత స్కేలును అడ్డంగా బిగించండి. స్కేలు అంచు లోపలి మూల నుంచి మొదలై, ఆ మూలను సరిగ్గా సగం చేస్తూ పోవాలి. సగం అయిందో లేదో చూడటం సులభం. మూల నుంచి రెండు పట్టీల మీదా 100 మిల్లీమీటర్ల దగ్గర గుర్తు పెట్టండి. స్కేలు అంచు మీద ఏదో ఒక చోటు నుంచి ఆ రెండు గుర్తులకూ దూరం సమానంగా ఉంటే స్కేలు సరిగా ఉన్నట్టే.

వాడే పద్ధతి ఇది. గుండ్రటి కర్ర కొనను స్కేలు కిందికి నెట్టి రెండు పట్టీలకూ తగిలేట్టు ఆనించండి. స్కేలు అంచు వెంట గీత గీయండి. కర్రను పావు చుట్టు తిప్పి మరో గీత గీయండి. రెండూ కలిసిన చోట మేకుతో చిన్న గుంట కొట్టండి. కర్ర వంకర టింకరగా ఉంటే మూడు నాలుగు గీతలు గీసి, వాటి మధ్య ఏర్పడే చిన్న గడి నడుమ చుక్క పెట్టండి. ఇదీ వద్దనుకుంటే కాగితం చాలు. కర్ర కొన మీద కాగితం పెట్టి అంచు వెంట గుండ్రంగా కత్తిరించి, రెండుసార్లు సగానికి మడవండి. మడతలు కలిసిన చోటే నడుమ.

రెండో పనిముట్టు గుర్తుకర్ర. నా దృష్టిలో వీటన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే. పండ్లు వచ్చే చెక్కపెట్టెల పలక చీల్చుకోండి, లేదా చీల్చిన వెదురు బద్ద తీసుకోండి. అంగుళం వెడల్పు, అర అంగుళం మందం, మీరు చేసే కోడు కన్నా కొంచెం ఎక్కువ పొడవు ఉంటే సరిపోతుంది. ఒక అంచు నిక్కంగా చిత్రిక పట్టండి. బాగా కుదిరిన ఒక నమూనా కోడును పక్కన పెట్టి, గుబ్బ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, మెడ ఎక్కడ, కట్టు ఎక్కడ, అన్నీ మూలమట్టంతో కర్ర మీదికి దించండి. గీతలన్నీ ఒకే కొన నుంచి లెక్క రావాలి. ఆ కొన మీద ఎర్ర రంగు పూసి ఉంచితే తలకిందులుగా పెట్టే ప్రమాదం ఉండదు.

ప్రతి గీత దగ్గర అంచున ఆకురాయితో చిన్న కోసుగాడి తీయండి. పెన్సిలు మొన అందులో కుదురుగా కూర్చోవాలి. ముందు కర్రను గుండ్రంగా తీర్చి, యంత్రం ఆపి, గుర్తుకర్రను దాని పక్కన ఆనించి, గాడి గాడికీ పెన్సిలు పెట్టి చిన్న గుర్తులు పెట్టండి. గుర్తుకర్ర తీసేశాక, ఒక్కో గుర్తు దగ్గర పెన్సిలు ఆనించి కర్రను చేత్తో ఒక చుట్టు తిప్పితే గీత చుట్టూ పడుతుంది. టేపుతో పది నిమిషాలు పట్టే పని రెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఎక్కువ సంఖ్యలో ముక్కలు చేసేవారు గాడుల బదులు మేకులు వాడవచ్చు. గీతల దగ్గర అంచులో ముందు సన్నని బెజ్జాలు వేయండి, లేకపోతే కర్ర చీలుతుంది. ముప్పావు అంగుళం మేకులు దిగ్గొట్టి, తలలు కత్తిరించి, 2 మిల్లీమీటర్లు మాత్రమే బయట ఉండేలా ఆకురాయితో మొనలు తీయండి. మొనలన్నీ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో ఒక గాజు పలక మీద ఆనించి చూడండి. తిరుగుతున్న కర్రకు ఈ మొనలను తేలికగా తాకిస్తే అన్ని గీతలూ ఒకేసారి పడతాయి. అయితే ఇక్కడ మూడు జాగ్రత్తలు తప్పనిసరి. కర్ర పూర్తిగా గుండ్రమయ్యాకే ఇది వాడాలి. నలుచదరపు కర్ర తిరుగుతున్నప్పుడు మేకులు తాకిస్తే గుర్తుకర్ర చేతిలోంచి ఎగిరిపోతుంది. రెండోది, ఉలి ఆనించే కమ్మి మీదే దీన్నీ ఆనించాలి, గాలిలో పట్టుకోకూడదు. మూడోది, కొత్తగా నేర్చుకునేవారు యంత్రం ఆపి, కర్రను చేత్తో తిప్పుతూనే గీతలు పెట్టుకోవాలి.

మూడోది లావు చూసే గాడిపలక. గుర్తుకర్ర ఎక్కడ చెక్కాలో చెబుతుంది, ఎంత లోతు చెక్కాలో చెప్పదు. అందుకు బజారులో కాలిపర్లు దొరుకుతాయి. కానీ ఒక కోడులో నాలుగు చోట్ల నాలుగు లావులు ఉంటే, ఒకే కాలిపరును మాటిమాటికీ మార్చి బిగించాలి. అక్కడే తేడా దూరుతుంది. దాని బదులు లావుకు ఒక గాడిపలక చేసుకోండి. నమూనా కోడులో ఆ లావున్న చోటును ఒక ప్లైవుడ్ ముక్క మీద ఉంచి, రెండు పక్కలా రెండు చెక్క ముక్కలు తగిలేట్టు పెట్టండి. ఒక పక్కన మాత్రం మధ్యలో శుభలేఖ అట్ట ముక్క ఒకటి దూర్చండి. ఇప్పుడు చెక్క ముక్కలను స్క్రూలతో బిగించి, అట్ట లాగేయండి. ఆ అట్ట మందమంత వదులుతో గాడి తయారైంది. పని చేస్తూ యంత్రం ఆపి గాడిపలక పెట్టి చూడండి. అది జారకుండా ఆగితే ఇంకా చెక్కాలి. నెమ్మదిగా జారి దిగితే సరిపోయింది. అట్ట లేకుండా, నమూనాకు బిగుతుగా తగిలేలా ఇంకో పలక చేసుకుంటే ఇంకా మంచిది. మొదటిది దిగాలి, రెండోది దిగకూడదు. రెండూ దిగాయంటే కర్ర ఎక్కువ తరిగినట్టు తెలుస్తుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో ఇనుప సామాను తనిఖీ చేసే పద్ధతి కూడా సూత్రంలో ఇదే. సిప్కాట్‌లో పనిచేసే మన పిల్లలు దీన్ని రోజూ చూస్తూనే ఉంటారు.

నాలుగోది ఆకారపు అట్ట. గుబ్బ ఎంత ఉబ్బుగా ఉంది, మెడ ఎంత వంపు తిరిగింది అన్నది గీతలకూ లావుకూ అందదు. పాత ఎక్స్‌రే ఫిల్మ్ గానీ, నూనె డబ్బా రేకు గానీ తీసుకుని, నమూనా ఆకారానికి సగం వంపు కత్తిరించండి. రేకు అయితే అంచులు ఆకురాయితో నున్నగా రాయండి. యంత్రం ఆపి దీన్ని కర్రకు ఆనించి, వెనక దీపం వెలుతురు పెట్టి చూడండి. వెలుగు కనబడిన చోట కర్ర తక్కువ, అట్ట తగిలిన చోట కర్ర ఎక్కువ. మాటల్లో చెప్పలేని వంపును ఆ వెలుగు గీత చెబుతుంది.

అయిదోది కాగితపు పట్టీ. ఉయ్యాల గుంజకు చుట్టూ బెజ్జాలు సమదూరంలో కావాలన్నా, గిలక్కాయకు చుక్కలు కావాలన్నా చుట్టుకొలతను సమభాగాలు చేయాలి. లెక్క ప్రకారం వ్యాసాన్ని 22 చేత గుణించి 7 చేత భాగిస్తే చుట్టుకొలత వస్తుంది. 35 మిల్లీమీటర్ల కర్రకు అది 110 మిల్లీమీటర్లు. లెక్క తెలియకపోయినా ఇబ్బంది లేదు. కాగితపు పట్టీని కర్రకు ఒక చుట్టు చుట్టి, కలిసిన చోట కత్తిరించండి. సగానికి మడిస్తే రెండు భాగాలు, మళ్లీ మడిస్తే నాలుగు, మళ్లీ మడిస్తే ఎనిమిది. అయిదు భాగాలో ఏడు భాగాలో కావాలంటే పిల్లల గీతల నోటు పుస్తకం తెచ్చుకోండి. పట్టీ ఒక కొనను ఒక గీత మీద పెట్టి, ఆ గీతను వదిలి లెక్కిస్తే అయిదో గీత మీదికి రెండో కొన వచ్చేదాకా పట్టీని ఏటవాలుగా తిప్పండి. మధ్య గీతలు పట్టీని ఎక్కడెక్కడ దాటాయో అక్కడ గుర్తులు పెడితే అయిదు సమభాగాలు వచ్చినట్టే. పట్టీని మళ్లీ కర్రకు చుట్టి గుర్తులు దించుకోవడమే.

ఆరోది భరిణె మూతకు సంబంధించినది. కుంకుమ భరిణె అందం మూత బిగువులో ఉంది. వదులైతే కుంకుమ ఒలుకుతుంది, బిగుతైతే మూత చీలుతుంది. ఒక చెక్క పట్టీలో మూత వ్యాసమంత దూరంలో రెండు మేకు మొనలు పెట్టుకుంటే అది మారని వృత్తలేఖిని అవుతుంది. కర్ర ముఖం మీద గుర్తు పెట్టేటప్పుడు పట్టీని కమ్మి మీద ఆనించండి. ఎడమ పక్క మొన మాత్రమే తాకాలి, అక్కడ కర్ర కిందికి దిగుతూ ఉంటుంది కనుక పట్టీ కమ్మి మీదే నొక్కుకుంటుంది. కుడి పక్క కర్ర పైకి లేస్తూ ఉంటుంది, అక్కడ తాకితే పట్టీని ఎగరగొడుతుంది. ఎడమ మొన గీసిన వృత్తం కుడి మొన కిందికి సరిగ్గా వచ్చిందో లేదో కంటితో చూస్తూ, కొద్ది కొద్దిగా జరుపుకుంటే మూతకూ భరిణెకూ కొలత ఒకటే అవుతుంది.

జాగ్రత్తల గురించి ఇంకొక మాట. నిమిషానికి 1500 చుట్లు తిరిగే 50 మిల్లీమీటర్ల కర్ర అంచు సెకనుకు దాదాపు 4 మీటర్లు పరుగెత్తుతుంది. అది పరుగెత్తే మనిషి వేగం. ఆ వేగంలో దానికి తువ్వాలు కొస తగిలినా, చొక్కా చెయ్యి తగిలినా, చేతి కడియం తగిలినా లోపలికి లాగేస్తుంది. తువ్వాలు తీసి పక్కన పెట్టండి. వదులు బట్టలు బిగించుకోండి. ఆడవాళ్లు పైట, జడ బిగించుకుని, గాజులు తీసి కూర్చోవాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. కర్ర మీద కాల్చిన నల్ల గీత కోసం కొందరు సన్నని తీగను ఆనిస్తారు. ఆ తీగకు రెండు కొసలా కర్ర పిడులు కట్టాలి. వేలికి చుట్టుకుంటే వేలు దక్కదు. కొలిచేటప్పుడు యంత్రం ఆపడం వల్ల పోయే అర నిమిషం నష్టం కాదు.

చివరగా, ఈ పనిముట్లను దాచుకోవడం గురించి చెప్పాలి. పని అయిపోగానే గుర్తుకర్రను పొయ్యిలో పెట్టేయకండి. దాని మీద వస్తువు పేరు, వాడిన కర్ర, లావులు, తేదీ రాసి, దాని గాడిపలకలనూ ఆకారపు అట్టనూ దారంతో కట్టి, గోడ మేకుకు తగిలించండి. ఆరేళ్ల తరువాత ఒకాయన వచ్చి మంచంకోడు ఒకటి విరిగింది, అలాంటిదే కావాలంటే, మీరు ఆ కట్ట తీసి మిగతా మూడింటికీ జోడు కుదిరేది చేసి ఇవ్వగలరు. ఆ ఒక్క కోడుతో ఆయన ఇంటి మంచం నిలుస్తుంది, మీ పేరు నిలుస్తుంది.

ఇంకొక సంగతి కూడా ఆలోచించండి. పాత పనివాళ్ల ఆకారాలు చాలావరకు వాళ్ల చేతుల్లోనే ఉండేవి. ఆ చేతులు ఆగిపోతే ఆకారమూ పోయేది. మీ ఊళ్లో వయసు మళ్లిన తరిమెన పనివారు ఉంటే, వారు చేసిన ఒక కోడును గానీ, కవ్వాన్ని గానీ తెచ్చుకుని గుర్తుకర్ర తీసుకోండి. దానికి ఒక పూట చాలు. మన ప్రాంతంలో ఒకే పనిపాకలో తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడేవారు కలిసి పనిచేస్తారు. గుర్తుకర్ర మీది గాడులకు భాష లేదు. తండ్రి తెలుగులో నేర్చుకున్న ఆకారాన్ని తమిళ బడిలో చదివిన కొడుకు అదే కర్ర పట్టుకుని చెక్కగలడు, పక్క ఊరి కన్నడ కుర్రవాడూ చెక్కగలడు.

ఖరీదైన యంత్రం కొనే స్తోమత అందరికీ ఉండదు. పెట్టె పలక, నాలుగు మేకులు, శుభలేఖ అట్ట, పాత ఎక్స్‌రే ఫిల్మ్ అందరి ఇళ్లలోనూ దొరుకుతాయి. వచ్చే ఆదివారం ఒక గుర్తుకర్ర చేసి చూడండి. ఒక్కసారి సరిగా కొలవండి, ఆ కొలతనే నాలుగుసార్లు దించండి. మీ నాలుగు కోళ్లూ పక్కపక్కన నిలబెట్టినప్పుడు ఏది ముందు చేశారో మీకే గుర్తుపట్టడం కష్టం కావాలి.